సుంకమ్మ గొంతు

నెలకు మూడు వానలు కురిసే కాలం కాదు, మూడేళ్లకు ఒక వాన కురిసే కాలం. అప్పుడు రాజెవరో ఎవరికీ గుర్తులేదు. రాణి ఎవరో ఎవరికీ గుర్తులేదు. చేలల్లో పిట్టలు తోలిన సుంకమ్మ మాత్రం గుర్తుంది. ఆమె కథే ఇది. వినేవాళ్లు ఊ కొట్టండి, నిద్రొచ్చినవాళ్లు పడుకోండి.

గుండ్లవంక అని ఒక ఊరు. ఊరికి తూర్పున పెద్దరెడ్డి నారపరెడ్డి జొన్నచేలు. ఊరికి పడమట ఒక వంక, అంటే చిన్న వాగు. వంక దాటితే వాడ. వాడలో ముప్పై గుడిసెలు. అందులో ఒకటి సుంకమ్మది. ఆ గుడిసెలో సుంకమ్మ, ఆమె మొగుడు మద్దిలేటి, అత్త లచ్చుమక్క ఉండేవాళ్లు.

సుంకమ్మకు భూమి లేదు, గొడ్డు లేదు. గొంతు ఉంది. మంచె ఎక్కి "హోయ్" అంటే చాలు, పదెకరాల చేలో పిట్ట నిలిచేది కాదు. పిచ్చుకలు లేచేవి. గువ్వలు లేచేవి. చిలకల గుంపు పచ్చని పైట దులిపినట్టు లేచి వంక దాటిపోయేది. పాలు తాగే వయసు దాటినప్పటి నుంచి మంచె మీద అరిచి అరిచి ఆ గొంతు బండ మీద గునపం పడినట్టు మోగేది. మెల్లగా మాట్లాడదామన్నా ఆమె వల్ల అయ్యేది కాదు.

"నువ్వు గుసగుసలాడితే వంక అవతలికి వినపడుతుంది" అని మద్దిలేటి నవ్వేవాడు.

నారపరెడ్డికి ఆ గొంతంటే గొప్ప. చుట్టాలు వస్తే చేలోకి తీసుకొచ్చి చూపించేవాడు. "మా సుంకి అరిస్తే నా చేనికి కంచె అక్కర్లేదప్పా" అనేవాడు.

ఆ ఊళ్లో పండిన జొన్నలు పాతరల్లో దాచేవాళ్లు. పాతరంటే భూమిలో తవ్విన గొయ్యి. నోరు చిన్నది, కడుపు పెద్దది. ఒక మనిషి భుజాల మీద ఇంకో మనిషి నిలబడేంత లోతు. లోపల సొప్ప పరిచి, జొన్నలు పోసి, నోటికి బండ మూసి, మన్ను కప్పి, పేడతో అలికేవాళ్లు. ఏడాదైనా నాలుగేళ్లైనా గింజ చెడేది కాదు. కావాల్సిన రోజు బండ తీస్తే ఒక మనిషి తాడు పట్టుకుని దిగి గంపలకెత్తేవాడు. ఆ దిగే మనిషి ఎప్పుడూ వాడ మనిషే. తినేది ఊరు, దిగేది వాడ.

అప్పుడప్పుడు దిగినవాడు పైకి రాకపోయేవాడు. "పాతర దయ్యం పట్టింది" అనేవాళ్లు. ఒక కోడిని కోసి, మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు పనిలోకి పోయేవాళ్లు.

ఆషాఢమాసం. ఆకాశం నిండా మబ్బు. వాన పడేలోపల సగం తీసిన పాతర ఖాళీ చేయాలని నారపరెడ్డి తొందర. బండ జరిపీ జరపకముందే "దిగురా మద్దిలేటీ" అన్నాడు. మద్దిలేటి దిగినాడు. పైనుంచి గంప దించినారు. గంప పైకి రాలేదు.

సుంకమ్మ చేటతో గింజలు చెరగడానికి అక్కడే ఉంది. పాతర నోటి దగ్గరికి పరిగెత్తింది. ఆ కాలంలో ఆడది మొగుని పేరు ఎత్తదు. ఆ పూట సుంకమ్మ ఎత్తింది.

"మద్దిలేటీ!" అంది. పలుకు లేదు. "మద్దిలేటీ!" అంది. పలుకు లేదు. "మద్దిలేటీ!" అని వంక మోగేటట్టు అరిచింది. పలుకు లేదు.

లోపల ఏముందో చూద్దామని గంపలో ప్రమిద పెట్టి దించినారు. బారెడు దిగేసరికి ప్రమిద ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించినారు, మళ్లీ ఆరిపోయింది. ఇక ఎవరూ దిగే ధైర్యం చేయలేదు. పాతర నోరు అట్లే తెరిచి వదిలేసినారు. పొద్దు వాలుతుండగా మూడోసారి ప్రమిద దించితే అది అడుగు దాకా వెలుగుతూ పోయింది. అప్పుడు మనుషులు దిగినారు. మద్దిలేటిని పైకి తెచ్చినారు. దిగినవాళ్లకు ఏమీ కాలేదు.

అందరూ మద్దిలేటిని చూస్తున్నారు. సుంకమ్మ మద్దిలేటినీ చూసింది, ప్రమిదనూ చూసింది. పొద్దున ఆరిన దీపం సాయంత్రం ఆరలేదు. పొద్దున చంపిన పాతర సాయంత్రం చంపలేదు. దయ్యమైతే పొద్దున ఉండి సాయంత్రం యాడికి పోయింది? మూసిపెట్టిన గాలిలో చావుంది. నోరు తెరిచి కొంతసేపు వదిలితే ఆ గాలి పోతుంది. దీపం బతకని చోట మనిషి బతకడు. దీపం బతికేదాకా ఆగితే మనిషి బతుకుతాడు.

ఇంత చిన్న సంగతి. ఇది ముందే తెలిసుంటే తన మొగుడు ఇంట్లో సంగటి తింటూ ఉండేవాడు.

దినాలయిన మరునాడు సుంకమ్మ రచ్చకు పోయింది. పెద్దలు అరుగు మీద కూర్చున్నారు. వాడవాళ్లు చెప్పులు చేత పట్టుకుని అరుగు కింద నిలబడాలి. సుంకమ్మ కూడా వాడ మగవాళ్ల పక్కన నిలబడింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. గొంతు గునపంలా మోగింది.

"సామీ! ముందు దీపం దించండి! దీపం ఆరితే మనిషిని దించొద్దండి! మూత తీసి ఆగండి! ఒక్క పూట ఆగుంటే నా మొగుడు బతికుండేవాడు సామీ!"

నారపరెడ్డి చెవులు మూసుకున్నాడు.

"ఏమే సుంకీ, మేమేమన్నా పిట్టలమనుకున్నావా? ఆ అరుపేంది? గొంతు దించు. పెద్దల ముందర ఎట్ల మాట్లాడాలో నేర్చుకుని రా. అప్పుడు వింటాం."

"కష్టం ఎవరికి లేదు? మర్యాద ఉండొద్దా?" అన్నాడు పక్కనాయన. మిగతావాళ్లు తలలూపినారు.

సుంకమ్మ వంక దాటి వచ్చింది. తప్పు తనదేననుకుంది. తన గొంతే మొరటుది, అందుకే మాట లోపలికి పోలేదనుకుంది.

లచ్చుమక్క ముసలిది. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్నా కోడలికి నేర్పడానికి కూర్చుంది. "తల వంచు. 'సామీ' అని ముందనాల. ఊపిరి సగం లోపలే పెట్టుకో. మాట కోడిపిల్ల నడిచినట్టుండాల." సుంకమ్మ నేర్చుకుంది. పిండి విసురుతూ నేర్చుకుంది, కట్టెలు కొడుతూ నేర్చుకుంది. నెల దాటినాక ఆమె గొంతు కోడిపిల్ల గొంతయింది. మళ్లీ రచ్చకు పోయింది. తల వంచింది.

"సామీ... మీరు పెద్దలు. నాకేం తెలీదు. పాతరలో ముందు దీపం దించి, అది ఆరకుంటే మనిషిని దించితే బాగుంటుందేమో సామీ..."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నారపరెడ్డి నవ్వినాడు.

"చూసినావా, ఎంత బాగా మాట్లాడినావో! ఇంత నిదానంగా చెప్తాండావంటే అంత తొందర పనేం కాదులే. పంటలయినాక చూద్దాం. పో."

కార్తీకమాసం వచ్చింది. రెండో పాతర తెరిచే రోజు వచ్చింది. దిగాల్సినవాడు గిడ్డన్న. సుంకమ్మకు మరిది వరుస, పెళ్లయి ఏడాది కాలేదు. బండ జరిపినారు. "దిగురా" అన్నాడు నారపరెడ్డి. సుంకమ్మ "ఆగండి!" అని అరవబోయింది. పెద్దలు మెచ్చుకున్న మాట గుర్తొచ్చింది. మర్యాదగా చెప్తేనే వింటారు గదా అనుకుంది. ఊపిరి సగం లోపలే పెట్టుకుని, తల వంచి, "సామీ... దీపం..." అంది.

గంపల చప్పుడులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. గిడ్డన్నకూ వినపడలేదు. తాడు పట్టుకుని దిగినాడు. పైకి రాలేదు.

ఆ పూట గొంతు దించుకున్నందుకు సుంకమ్మ బతికినన్నాళ్లూ ఏడ్చింది. గిడ్డన్న పెళ్లాం కాళ్లు పట్టుకుని, "నేను అరవాల్సింది. నా గొంతు నాకుంది, అరవాల్సింది" అని ఏడ్చింది. ఆ పిల్ల సుంకమ్మను పైకి లేపింది. "నిన్ను అరవొద్దన్నదెవరో నాకు తెలుసు లేక్కా" అంది.

మూడోసారి సుంకమ్మ రచ్చకు పోయింది. ఈసారి అరవలేదు, గొణగలేదు. తల ఎత్తింది, నారపరెడ్డి కళ్లలోకి చూసింది. అందరికీ అర్థమయ్యేటట్టు, ఒక్క మాట తడబడకుండా చెప్పింది. ఇద్దరు పోయినారని చెప్పింది. దీపం సంగతి చెప్పింది. ఒక్క పూట ఆగితే చాలని చెప్పింది.

నారపరెడ్డి మీసం కొరికినాడు.

"గొంతు బాగానే ఉంది. చూపు బాగాలేదు. అంతంత కళ్లేసుకుని మాట్లాడతావా? దండించకుండా పంపుతాండా, సంతోషించు. పో!"

వంక దాటి వస్తుంటే వాడ ఆడవాళ్లు ఎదురొచ్చినారు. "ఏమన్నారక్కా?" అన్నారు.

"మొదటిసారి గొంతు బాగలేదన్నారు. రెండోసారి తొందర లేదన్నారు. ఇప్పుడు కళ్లు బాగలేవంట." సుంకమ్మ వంక గట్టు మీద కూలబడింది. చివరికి, "సరే. పెద్దలు చెప్పినట్టే విందాం" అంది. ఏం చేయాలో ఆడవాళ్లకు చెప్పింది. ఊరి నుంచి వెళ్లగొడితే ముసలి అత్తను తీసుకుని యాడికి పోవాలో ఆమెకు తెలీదు.

పుష్యమాసం. జొన్న పాలకంకి మీదుంది. నారపరెడ్డి పక్క ఊళ్లో పెళ్లికి పోయినాడు. మూడు రోజుల పెళ్లి. తిరిగొచ్చి చేను చూసినాడు. కంకి కంకికి ఒక పిట్ట. పిచ్చుకలు తింటున్నాయి, గువ్వలు తింటున్నాయి, చిలకలు సగం తిని సగం పారేస్తున్నాయి. మంచెల మీద ఆడవాళ్లు ఎవరి చోట వాళ్లు బుద్ధిగా కూర్చుని ఉన్నారు.

"ఏమే సుంకీ! గొంతు పోయిందా?"

"పోలేదు సామీ. దించినా."

"అరిచి తోలు! చేనంతా పోతాంటే చూస్తా కూర్చుంటావా?"

"ఊరికే కూర్చోలేదు సామీ. మూడు దినాలుగా చెప్తానే ఉండా. చూడండి." సుంకమ్మ పిట్టల వైపు తిరిగింది. చేతులు జోడించి, తల వంచి, కోడిపిల్ల గొంతుతో అంది. "పిట్టల్లారా, సామీ... మీరు పెద్దలు. ఈ చేను రెడ్డిగారిది. మీకు వీలయినప్పుడు, తప్పుగా అనుకోకుండా, లేచిపోతే బాగుంటుందేమో సామీ..."

పక్క మంచె మీద ఆడవాళ్లు కూడా చేతులు జోడించినారు. ఒక చిలక సుంకమ్మను చూసి, ఇంకో కంకి కొరికింది.

రెడ్డి వెంట వచ్చిన పెద్దల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు. నారపరెడ్డి కర్ర ఎత్తినాడు. సుంకమ్మ మంచె దిగి వచ్చి ఆ కర్ర కిందే నిలబడింది.

"కొట్టండి సామీ. కొట్టేముందు ఒక మాట చెప్పండి. నేను మీ ముందరికి మూడుసార్లు వచ్చినా. మొదటిసారి నా గొంతెట్లుంది?"

"గునపం మాదిరుంది!"

"రెండోసారి?"

"కోడిపిల్ల మాదిరి."

"మూడోసారి?"

"గొంతు బాగుంది, కళ్లలో పొగరుంది!"

"అన్నీ గుర్తుండాయి సామీ మీకు. మూడుసార్లూ నేనేం చెప్పినా?"

నారపరెడ్డి పక్కనాయన వైపు చూసినాడు. ఆయన ఇంకొకాయన వైపు చూసినాడు. "ఏదో పాతర సంగతి..." అన్నాడొకాయన. "పాతర సంగతేంది సామీ?" అంది సుంకమ్మ. ఆయన నేల చూసినాడు. ఆమె గొంతు ఎట్లుందో అందరికీ తెలుసు. ఆమె ఏం చెప్పిందో ఒక్కరికీ తెలీదు.

నారపరెడ్డి కర్ర దించినాడు. ఇంటికి పోయినాడు. ఆయన పోయినాక సుంకమ్మ మంచె ఎక్కి "హోయ్" అంది. పిట్టలన్నీ లేచిపోయినాయి. అప్పటికి సగం చేను మిగిలింది.

సగం పంట చేతికొస్తే ఊరికి చాలదు. మిగిలిన మూడో పాతర తెరవాల్సి వచ్చింది. అది నాలుగేళ్లుగా మూసి ఉన్న పాతర. దిగడానికి ఈరన్నను పిలిచినారు. బక్కపలచటి మనిషి, ఎవరితోనూ ఎదురు మాట్లాడినవాడు కాదు. బండ జరిపినారు. "దిగురా" అన్నాడు నారపరెడ్డి.

ఈరన్న తాడు పట్టుకోలేదు. "ముందు దీపం దిగాల సామీ. అది బతికితే నేను దిగుతా" అన్నాడు.

"ఎవరు చెప్పినార్రా నీకు?"

"సుంకక్క చెప్పింది. మూడుసార్లు చెప్పింది. మేం అరుగు కింద ఉండి విన్నాం సామీ."

అతని వెనక వాడ మగవాళ్లు నిలబడి ఉన్నారు. నారపరెడ్డి ఇంకొకణ్ని పిలిచినాడు. వాడూ "ముందు దీపం" అన్నాడు. ఇంకొకణ్ని పిలిచినాడు. వాడూ అదే మాట అన్నాడు. చేసేది లేక రెడ్డి దీపం తెమ్మన్నాడు.

దించినారు. ఆరిపోయింది. మళ్లీ దించినారు. ఆరిపోయింది. మూడోసారి నారపరెడ్డి తాడు తానే పట్టుకున్నాడు. చీకటిలోకి దిగుతున్న ఆ చిన్న వెలుగును వంగి చూసినాడు. బారెడు దిగినాక అది ఎవరో నోటితో ఊదినట్టు ఆరిపోయింది. రెడ్డి చాలాసేపు ఆ తాడు వదల్లేదు. ఎందరిని దించినాడో అప్పుడు గుర్తు చేసుకున్నాడేమో, దేవుడికే తెలియాలి.

"ఈ పొద్దుకు ఎవరూ దిగొద్దు" అన్నాడు.

మరునాడు పొద్దున ప్రమిద అడుగు దాకా వెలుగుతూ పోయింది. ఈరన్న దిగినాడు. సుంకమ్మ పాతర నోటి దగ్గర బోర్లా పడుకుని, తన గొంతు మొత్తం లోపలికి వదిలింది.

"ఈరన్నా! ఉండావా?"

"ఉండా అక్కా!"

ఒక గంప వచ్చింది. "ఈరన్నా! ఉండావా?" "ఉండా అక్కా!" ఇంకో గంప వచ్చింది. పొద్దు నడినెత్తికొచ్చేదాకా ఆ పిలుపు ఆగలేదు, ఆ పలుకు ఆగలేదు. చివరికి ఒళ్లంతా జొన్నదుమ్ముతో ఈరన్న పైకి వచ్చినాడు. వెలుగు చూడలేక కళ్లు మూసుకునే సుంకమ్మ చేతులు వెతికి పట్టుకున్నాడు.

"లోపల ఏమీ కనపడదక్కా. నీ గొంతొక్కటే తాడు మాదిరి దిగొచ్చింది. దాన్ని పట్టుకునే పైకొచ్చినా."

తప్పయిందని నారపరెడ్డి అనలేదు. ఆయనకు ఆ మాట ఎప్పుడూ అలవాటు లేదు. ఇంటి నుంచి దీపానికని నూనె కుండ తెప్పించి పాతరల దగ్గర పెట్టించినాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "సుంకమ్మా, ఇంకేమన్నా చెప్పాలా?" అన్నాడు. ఆయన నోట సుంకి సుంకమ్మ కావడం అదే మొదలు.

"చాలా ఉండాయి సామీ" అంది సుంకమ్మ. "కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. గింజలు రాలిన నేల మీదే కూర్చున్నాడు.

ఆ తర్వాత గుండ్లవంకలో పాతర ఎవరినీ మింగలేదు. మగవాడు పాతర నుంచి క్షేమంగా ఇంటికొచ్చిన రోజు, ఆ ఇంటి ఆడది మొదటి రొట్టె కాల్చి సుంకమ్మ గుడిసెకు తెచ్చేది. "ఎందుకమ్మా ఇవన్నీ, నేనేం చేసినా? అరిచినా, అంతే గదా" అనేది సుంకమ్మ. అని, రొట్టె తుంచి తెచ్చినామెకే సగం పెట్టేది. గిడ్డన్న పెళ్లాం కూడా పండక్కి పండక్కి తెచ్చేది. ఆ రొట్టె తినేటప్పుడు సుంకమ్మ కళ్లు నిండేవి. ఆ పిల్ల పైట చెంగుతో తుడిచేది.

సుంకమ్మ పండు ముసలిదై పోయింది. ఆ రోజు ఊరివాళ్లు చెప్పులు చేత పట్టుకుని మొదటిసారి వంక దాటి వాడకు వచ్చినారు. గుంతలో దించినాక ఈరన్న అంచున వంగినాడు. అప్పటికి అతనూ తాత. "అక్కా, ఉండావా?" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. పలుకు లేదు. అప్పుడు చేలల్లో మంచెల మీదున్న ఆడవాళ్లంతా ఒక్కసారి "హోయ్" అన్నారు. మూడు ఊళ్ల పిట్టలు లేచినాయంట. ఆకాశం కాసేపు కనపడలేదంట.

ఇప్పటికీ ఆ వైపు రచ్చల్లో ఒక కట్టుబాటుంది. మాట్లాడే ఆడమనిషిని చూసి ఎవరైనా లేచి, "ఏంది ఆ అరుపు, మెల్లగా మాట్లాడు" అంటే, "ఆమె ఏం చెప్పిందో ముందు నువ్వు ఒప్పజెప్పు" అంటారు. ఒప్పజెప్పలేకపోతే ఆ మనిషి ఎంత పెద్దవాడైనా అరుగు దిగి నిలబడాలి. పుట్టిన బిడ్డ కేరుమని ఊరు లేపితే మంత్రసానులు, "సుంకమ్మ గొంతొచ్చింది, చల్లగుండాల" అని దిష్టి తీస్తారు.

ఇప్పుడు పాతరలు లేవు. మన్ను పోసి పూడ్చేసినారు. బావుల్లో పూడిక తీయడానికి మాత్రం మనుషులు ఇంకా దిగుతారు. ముందు దీపం దిగుతుంది, తర్వాత మనిషి. అడుగు చేరినాక ఆ మనిషి పైకి చూసి, "సుంకమ్మా, ఉండా!" అని కేకేస్తాడు. గట్టు మీదున్నది ఆడైనా, మగైనా, ఊరివాళ్లైనా, వాడవాళ్లైనా, చేతిలో పని వదిలి వంగి, ఆమె బదులు పలుకుతారు.

"వింటాండా!"